వరండా వైపు ఊగుతున్న అల

“ఎవరూ కదలకండీ!”

వీధి చివరిదాకా వినపడేలా అరిచింది మా మేనకోడలు. దాని పనే అంత. వీధి మొదట్లో యాంటెన్నాల కర్ర ఒకటి, వాళ్ల హాల్లో ఇంకోటి. సిగ్నల్ అలలు ఏ గోడకి కొట్టుకుని ఎటునుంచి వస్తున్నాయో కొలవాలి. యాంటెన్నాలు వంతులేసుకుని వింటాయట, మధ్యలో మనిషి మెదిలాడా, మళ్లీ మొదటికే! అద్దె యంత్రం సాయంత్రానికి వెళ్లిపోతుంది. ఈలోగా కొలత కుదరకపోతే పిల్ల ఉద్యోగం గాల్లోనే. అందాకా వంటింటివైపు ఎవరూ అడుగెయ్యకూడదు. అందరికీ ఆకలి దంచేస్తోంది.

పిల్ల తండ్రి, అంటే మా బావ, వరండాలో కుర్చీకి అతుక్కున్నాడు. కుర్చీ దిగకపోతే కదలనట్టేనని ఆయన లెక్క. నేనూ ఎదురింటి టైలరూ ఆయన కబుర్లకి దొరికిపోయాం.

“నిన్న కర్ర పట్టుకుంది నేనేగా! గాలికి ఊగుతుంటే ఒంటిచేత్తో ఆపా.”

“ఊఁ,” అన్నాను.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? యంత్రం ఆగిపోయింది. నేను ఊరుకుంటానా, వేలికో యాంటెన్నా తగిలించుకుని ఇలా చేతులు చాపానా, ఎడంచెయ్యికి మేడ గోడనుంచి వచ్చిన అలలు, కుడిచెయ్యికి గేటునుంచి వచ్చినవి, దేనికది వేరు చేసి వరసలో నిలబెట్టేశాను!”

“కాలివేళ్లు ఖాళీగా ఉంచారా?” అన్నాడు టైలరు.

“వాటితో లెక్కలు రాసుకున్నానయ్యా! ఇంతలో ఒక అల తప్పిపోయింది. భూమి చుట్టూ తిరిగొచ్చి నా వీపుకి తగిలింది. ‘ఇంతసేపు ఎక్కడ తిరిగావే?’ అని ఒక్క కసురు కసిరానో లేదో, పాపం, కళ్లనీళ్లు పెట్టుకుంది!”

హాల్లోంచి మేనకోడలు బయటికొచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

“నాన్నా, కొలిచిన ప్రతిసారీ వరండావైపు నుంచి వచ్చే అల ఊగిపోతోంది. ఇక్కడ ఫ్యానేదో తిరుగుతోందని ఇందాకట్నుంచీ వెతుకుతున్నా.”

“ఇక్కడ ఫ్యానెక్కడిదమ్మా?”

“అదే చెప్తున్నా. ఫ్యాను కాదు, మీ చేతులు!” అనేసి మళ్లీ హాల్లోకి వెళ్లిపోయింది.

టైలరు నవ్వబోయి, కదలకూడదని గుర్తొచ్చి బిగబట్టాడు. బావ రెండు చేతులూ తొడలకింద పెట్టేసుకున్నాడు. నోరు తెరిస్తే చేతులు ఆగవని ఆయనకీ తెలుసు, అందుకే పెదాలు బిగించాడు. చెమటలు పట్టాయి. ఆ అల ఇంకెన్ని సముద్రాలు దాటిందో చెప్పుకోలేక మనిషి ఉడికిపోయాడు.

“వచ్చేసింది! బాగా వచ్చింది!” లోపల్నుంచి కేక.

అక్క ఒక్క ఉదుటున వంటింట్లోకి పరిగెత్తింది. అందరం కంచాలముందు కూలబడ్డాం. బావ చేతులు విదిలించుకుని, “అసలు నేను అలా బిగబట్టి కూర్చోబట్టి భూమి తిరగడం కూడా...” అంటుండగా అక్క గరిటెడు అన్నం ఆయన కంచంలో వేసింది.

“తిరుగుతూనే ఉంది లెండి. కలుపుకోండి.”