చేళూరు దోవన ఎగిరిన బాయిలరు

బాగేపల్లిలో బస్సులు ఆగే చోట, హైదరాబాదు రోడ్డుకు ఆనుకుని లక్ష్మీదేవమ్మ టీ అంగడి. ఎనభయ్యో సంవత్సరంలో ఒక మధ్యాహ్నం ఆ అంగడి బల్ల మీద కోదండరామ శెట్టి దిగులుగా కూర్చుని ఉన్నాడు. ఆయన కొన్న నూనెగానుగ మిషను బెంగళూరులో పడి ఉంది. కొత్త శనక్కాయ బజారుకు వచ్చేలోపల అది ఇక్కడికి చేరాలి. మిషను బరువెక్కువ, ఎత్తూ ఎక్కువే. దోవలో జారిందంటే సగం ఆస్తి రోడ్డు పాలు.

ఎదుటి బల్ల మీద మునిశామప్ప. పక్కపలకలు లేని చదును లారీ ఆయనది. చాన్నాళ్ళుగా రోడ్డవతల ఖాళీగా నిలబడి ఉంది. శెట్టి బాడుగ ఎట్లాగైనా తనకే రావాలని ఆయన మాట అందుకున్నాడు.

"సెట్టి సామీ, లారీ ఎవురైనా నడుపుతారు. లోడు కట్టేదుండాది చూడండి, అదీ విద్య. చింతామణి నుంచి మన ఊరి రైసుమిల్లుకి బాయిలరు తెచ్చింది ఎవురు? నేనే. పోయినేడు ఎండాకాలం. బాయిలరంటే గుండ్రంగా ఉంటాది గదా, చదును లారీ మింద పెడితే పసిబిడ్డ మాదిరి దొర్లుతాది. రెండు పక్కలా చెక్కలు దిగ్గొట్టి, అడ్డంగా ఒక మోకు, మూలకి మూల ఇంగో మోకు వేసి, సందులో కర్ర దూర్చి మెలి తిప్పితిని. చేళూరు దాకా రవ్వంత కదిలింటే నా పేరు మార్చండి."

"అంతవరకు నమ్మచ్చులే," అన్నాడు వెంకటేశప్ప. బస్సు కోసం కాచుకున్న రైతు ఆయన.

మునిశామప్పకు ఆ మాట చాలు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంగొక మెలి తిప్పితే మేలు గదా అని కర్ర తీసేసి గడ్డపార దూర్చి తిప్పితిని. మోకు ఎంత బిగిసిందంటే, వేలితో మీటితే తంబూర మాదిరి మోగుతాంది. చేళూరులో జనం భజన వచ్చిందనుకోని కాళ్ళు కడుక్కోని లారీ ఎనకాల నడిచిరి. ఒగామె టెంకాయ కూడా కొట్టింది. నేను వద్దనలా, పుణ్యం గదా అని."

"చిప్పలు ఎవురికి పోయె?" అంది లక్ష్మీదేవమ్మ టీ వడబోస్తూ.

"ఒగ చిప్ప నాకి, ఒగ చిప్ప బాయిలరుకి. వినమ్మా. ఊరు దాటి బీళ్ళలోకి వస్తాంటే సుడిగాలి లేచింది. మామూలు గాలి కాదు, దోవ పక్క మేస్తాండే గొర్రెలమంద యాడికి పోయిందో ఇప్పటికీ తేలలా. ఆ గాలి బాయిలరు మూతిలో దూరి కూత పెట్టింది సామీ, రైలు కూత. చిక్కబళ్ళాపురం స్టేషన్లో జనం మూటలు నెత్తికెత్తుకోని లేచి నిలబడిరి. స్టేషన్ మాస్టరు పచ్చజెండా ఊపేసినాడు."

"నీకెట్ల తెలుసప్పా? నువ్వుండేది చేళూరు దోవలో గదా," అన్నాడు వెంకటేశప్ప.

"పైనుంచి చూసినా గదా, అదే చెప్పబోతాండా. గాలి బాయిలర్ని పైకి లేపింది. ఇంగొకరు కట్టింటే మోకు తెగి బాయిలరు ఒక్కటే పోయుండేది. నేను కట్టిన మోకు విడుస్తాదా? బాయిలరు ఎనక లారీ లేచింది, లారీతో నేనూ లేస్తిని. చక్రాల కింద నేల లేదు. స్టీరింగు మాత్రం వదల్లా. గద్ద అడ్డమొస్తే హారను కొడతా, మబ్బు అడ్డమొస్తే లైట్లు వేస్తా."

"గేరు ఎంతలో ఉండె?" అన్నాడు వెంకటేశప్ప.

"న్యూట్రల్లో. అంత ఎత్తులో డీజిలు యాల కాల్చల్ల?"

శెట్టికి టీ పొలమారింది. లక్ష్మీదేవమ్మ ఆయన వీపు మీద చరచబోయి, శెట్టి కదా అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇట్లే వదిలితే నేరుగా హైదరాబాదులో దిగల్ల. మిగిలిన మోకుకి ఉచ్చు వేసి, కిటికీలోనుంచి గుడిబండ కొండ మిందికి విసిరితిని. పడింది. కొండ కొసన ముడి బిగిసింది, లారీ నిలిచింది. ఊరికే నిలిచిందా, కొండ రవ్వంత మన పక్కకి వాలింది. పోయి చూడండి, ఇప్పటికీ వాలే ఉంటాది. ఇంగ మెల్లమెల్లగా మోకు వదులుకుంటా, బావిలోకి కడవ దించినట్ల లారీని రైసుమిల్లు ముందర దించితిని."

"బాయిలరు?" అన్నాడు శెట్టి, అడగకుండా ఉండలేక.

"గీత పడలా సామీ. ఒగటే చిక్కు, నేను వేసిన ముడి ఊడలా. కూలోళ్ళు లాగిరి, ఎద్దులు లాగె. మిల్లు ఓనరు విసుక్కోని లారీని అట్లే నిలబెట్టి, చుట్టూ గోడలు లేపి మిల్లు కట్టేసుకున్నాడు."

వెంకటేశప్ప రోడ్డవతలికి చూపించాడు. "మరి ఆ నిలబడిండేది ఏ లారీ?"

"అది దాని తమ్ముడు."

అంగడంతా నవ్వింది. ఆ నవ్వులోనే మునిశామప్ప అసలు మాట జార్చాడు. "అయితే మీ మిషను నాకే గదా సామీ?"

శెట్టి జవాబిచ్చేలోపల అంగడి స్తంభం పక్కనుంచి ఒక గొంతు వినిపించింది. మునిశామప్ప భార్య మునివెంకటమ్మ. కొండ మీదికి మోకు విసిరినప్పటి నుంచి అక్కడే నిలబడి వింటూ ఉంది. చీర అంచంతా మట్టి.

"ఇదో," అంది నిమ్మళంగా, "ఆ కొండకి వేసిన ముడిలో సగం మన ఎనుముకి వేసింటే చాలుతాండె. పొద్దున నువ్వు కట్టి, ఇట్ల వీధి మలుపు తిరిగినావో లేదో, అది విప్పుకోని ఆదెప్ప శనక్కాయ చేన్లో దూరింది. ఆదెప్ప వచ్చి మనింటి ముందర కూర్చోనుండాడు. వచ్చి మాట్లాడు."

లక్ష్మీదేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటేశప్ప తన బస్సు వచ్చి నిలబడినా లేవలేక, బల్ల పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. మునిశామప్ప మొహం చిన్నబోయింది. ఆయన లారీ వైపు చూశాడు. దాని కింద నీడలో కుక్క ఒకటి పడుకుని ఉంది. ఇంక దాన్ని లేపే పని ఇప్పట్లో పడదనిపించింది ఆయనకు.

శెట్టి మాత్రం నవ్వు ఆపుకుని మునివెంకటమ్మను అడిగాడు. "ఇప్పుడు ఎనుము యాడుండాదమ్మా?"

"కట్టుగూటంకాడనే ఉండాది సామీ. తోలుకొచ్చి నేనే కట్టేసినా."

"మళ్ళా విప్పుకోదా?"

"నేను కట్టినాక నేనే విప్పల్ల."

శెట్టి లేచి కండువా దులుపుకున్నాడు. "మునిశామప్పా, మిషను నీ లారీలోనే రానీ. స్టీరింగు నువ్వు పట్టుకో. మోకు మాత్రం ఈయమ్మ కట్టల్ల. సరే అంటే రేపు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరండి."

మునిశామప్పకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. మీసం మీదికి చెయ్యి పోయింది.

"సరే అనక ఏం సామీ. ఆమెకి ముడి వేసేది నేర్పించింది ఎవురనుకుంటాండారు?"

"మా నాయన," అంది మునివెంకటమ్మ.