ఆటలో గేటు దగ్గర

కంప్యూటర్ల షాపులో బల్లమీద రెండు ల్యాప్‌టాప్‌లు తెరిచి ఉన్నాయి. తండ్రి తెల్లదాన్ని కూతురి వైపు జరిపాడు.

"ఇదే తీసుకో తల్లీ. మీ కాలేజీలో వీడియో ఎడిటింగంతా దీనిమీదేనటగా."

"ఇందులో మా ఆట నడవదు నాన్నా."

"చదువుకు కొంటున్నామా, ఆటకా?"

"రోజూ సాయంత్రం అన్నయ్య నాకోసం చూస్తుంటాడు కదా."

"ఇది కొనమన్నది వాడేనమ్మా. ఎన్నాళ్లని నాతో ఆడుతూ కూర్చుంటుంది, దాని చదువు సంగతి చూడు నాన్నా అన్నాడు."

ఆమె నల్లదాన్ని దగ్గరకు లాక్కుంది.

"ఎడిటింగ్ దీనిమీదా నేర్చుకోవచ్చు. యాక్సిడెంటయ్యాక అన్నయ్య పరిగెత్తేది ఆ ఆటలోనే నాన్నా. మొన్న పరీక్షలకని నేను ఆటలోకి వెళ్లకపోతే, అందులో కూడా కదల్లేదు. సాయంత్రమంతా మేం రోజూ కలుసుకునే గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు."

తండ్రి తెల్లదాన్ని మెల్లగా మూసేశాడు.