చెయ్యి తియ్యలేదు

నా పేరు షేక్ నజ్మా, వయసు నలభై నాలుగు, భర్త పేరు ఖాలిద్. కాపురం మార్కాపురంలో. తర్లుపాడు మండలం నల్లబండపల్లె ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా పనిచేస్తున్నాను. నేను తన భార్యను కొట్టానని ఏబేలు ఇచ్చిన ఫిర్యాదు మీద ఎస్సై వెంకటేష్ గారు అడిగితే ఈ మాటలు చెబుతున్నాను.

మంగళవారం పొద్దున పది గంటలకు ఏబేలు భార్య ఫెబీ మా కేంద్రంలో ఆడపిల్లను కన్నది. మాయ పూర్తిగా పడింది. ఇంజెక్షన్ ఇచ్చాము. తర్వాత రెండుసార్లు వెళ్ళి చూశాను. రెండుసార్లూ కింద గుడ్డ పొడిగానే ఉంది. పొడిగా ఉంది గనుక నమ్మాను.

ఫెబీకి నాడి అందడం లేదని నర్సు అన్నమ్మ కేక వేస్తే పరుగెత్తాను. మంచం కింద బకెట్టులో నెత్తురుతో తడిసిన గుడ్డలు కుక్కి, పైన తువ్వాలు కప్పి ఉంది. నేను వచ్చే ముందల్లా ఫెబీ అత్త జ్ఞానమ్మ గుడ్డ మార్చేసింది. ఎందుకు దాచావని అడిగాను.

"దాచేదేంది? పురిటి గుడ్డలు నలుగురికి చూపిస్తారా యాడన్నా? చెడ్డ రక్తం, పోతే పోనీ అనుకుంటి. నువ్వు కనలేదా ఏంది?"

కాన్పు కాగానే గట్టిపడాల్సిన గర్భసంచి పిండిముద్దలా మెత్తగా ఉంది. మందులు, సెలైన్లు ఎక్కించినా రక్తం ఆగలేదు. 108కి ఫోన్ చేయించాను. ఒక పిడికిలి లోపల పెట్టి, రెండో చేత్తో పొట్ట మీద నుంచి అదిమి, గర్భసంచిని నడుమ నొక్కిపట్టాను. ఫెబీ అరిచింది. ఏబేలు తెర లాగి లోపలికి వచ్చాడు.

"గొడ్డుకు పెట్టినట్ల చెయ్యి పెట్టినావే! తియ్యి!"

"తీస్తే చస్తుంది నాయనా."

"నువ్వే చంపుతుండావు గదే! తియ్యి!"

వీపు మీద గుద్దాడు. చెయ్యి తియ్యలేదు. జుట్టు పట్టి లాగాడు. చెయ్యి తియ్యలేదు. జ్ఞానమ్మ చెప్పు తీసుకుని కొట్టింది. 108 వచ్చాక అందులో కూడా అలాగే నొక్కిపట్టి, మోకాళ్ళ మీద కూర్చుని మార్కాపురం దాకా వచ్చాను.

ఫెబీ బతికింది. డాక్టరమ్మ నన్ను గుద్దిందని ఆమె ఎస్సై గారితో చెప్పిందట. అబద్ధం అనను. ఆ నొప్పి ఆమెది. మత్తు ఇచ్చే వీలు నాకు లేదు. ఇంకొంచెం మెల్లగా నొక్కి ఉండవచ్చునా అని నాలుగు రోజులుగా నన్ను నేనే అడుగుతున్నాను. మెల్లగా అయితే ఆగేది కాదనే అనుకుంటున్నాను. పొడి గుడ్డను ఎందుకు నమ్మానో మాత్రం నాకే తెలియడం లేదు.

"పొరపాటున గట్టిగా తగిలిందని ఒక్క మాట చెప్పండి మేడమ్. వాళ్ళూ వెనక్కి తగ్గుతారు, మీ ఉద్యోగానికీ ఇబ్బంది ఉండదు" అన్నారు ఎస్సై గారు. కాదన్నాను. తెలిసే, ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. రేపు జ్ఞానమ్మ కూతురు వచ్చినా అంతే గట్టిగా నొక్కుతాను.

రాసింది నాకు చదివి వినిపించారు. "పొరపాటున" అన్న మాట అందులో ఉంది. అది కొట్టేయించాను. మిగిలినదంతా నేను చెప్పినదే, నిజమే.

(సం) డాక్టర్ షేక్ నజ్మా