వంటింటికి పోర్టు

ఏలూరులో భాస్కరరావు గారి ఇల్లు. 2009 ఎండాకాలం. రౌటర్ సరిచెయ్యడానికి వచ్చిన ఖలీద్ ఆయన గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

“అయిపోయిందా ఖలీదూ?”

“ఆగండి సార్. ఇప్పుడే రౌటర్లో నాట్ అనే సెట్టింగుల్లోకి వచ్చాను. మీరు తాడేపల్లిగూడెం ఆఫీసులోంచి ఇంటి నెట్‌ని పిలుస్తారనుకోండి, ఆ పిలుపుని ఇంట్లో దేనికి పంపాలో రౌటర్‌కి తెలీదు. అది ఇక్కడ రాసి, పోర్టు అనే దారి తెరవాలి.”

“తెరువు మరి. కెమెరాకి పంపించు.”

“కెమెరా ఎక్కడ పెట్టారండీ? గేటు దగ్గర కనపళ్ళేదు.”

“ఎక్కడో పెట్టాన్లే. దొంగల భయం, అందుకని.”

“బొమ్మ వస్తోందో లేదో చూడాలి కదండీ... ఇదిగో, వచ్చింది. సార్, ఇది... వంటిల్లు.”

“ఊఁ.”

“అమ్మగారు కూరలు తరుగుతున్నారు.”

“తరగనీ.”

“దొంగలన్నారు...”

“పనిమనిషిది చేతివాటం. అదీ సంగతి.”

“పనిమనిషి లేదని ఇందాక అమ్మగారే అన్నారండీ.”

“అబ్బా! ఉమకి ఒంట్లో బాగుండదయ్యా. కళ్ళు తిరిగి పడిపోతే?”

“కెమెరా సంగతి ఆవిడకి తెలుసాండీ?”

“తెలిస్తే ఇంకెందుకు? ఎవరితో ఫోన్లో మాట్లాడుతోందో, నేను లేనప్పుడు ఎవరొస్తున్నారో...”

“ఛ!”

“ఛ అంటావేంటి?”

“దేవుడి పటం వెనకాల పెట్టారా సార్? దండ అడ్డొస్తోంది.”

“అక్కడైతే ఎవరూ చెయ్యి పెట్టరు.”

“ఇది తప్పండి. పైగా ఇలా తెరిస్తే మీకొక్కరికే తెరుచుకోదు. పాస్‌వర్డు కూడా కొన్నప్పుడు వచ్చిందే ఉంచారు. ఈ దారి తగిలిన ప్రతివాడూ అమ్మగారిని చూస్తాడు.”

“చూస్తే చూస్తాడు. నాకు కనబడితే చాలు.”

“ఛీ! కట్టుకున్న మనిషి గురించి ఏం మాటండీ అది?”

“నోరు జాగ్రత్త. చెప్పిన పని చెయ్యి.”

“చెయ్యనండి. రాసింది కూడా కొట్టేస్తున్నాను. ఈ కుర్చీలో కూర్చోవాలంటేనే కంపరంగా ఉంది. సార్... బొమ్మలో అమ్మగారు లేరు.”

“ఇటు గానీ వస్తోందా? ఆపెయ్! ఆ తెర ఆపెయ్!”

“ఇందాకటి నుంచీ గుమ్మంలోనే ఉన్నానండీ.”

“ఉమా!”

“అమ్మా, గేటు కెమెరా అనుకున్నానమ్మా. నాకు నిజంగా తెలీదు.”

“మీ తప్పేముందండీ ఖలీద్ గారూ. ఆ పటానికి రోజూ పూలు పెట్టేది నేనేగా. ఎప్పుడో చూశాను.”

“చూసి... ఒక్క మాటైనా అనలేదేం?”

“ఏమనాలండీ? మీ మొహం చూస్తేనే రోత పుట్టింది.”

“ఉమా, అది కాదు, నేను చెప్పేది విను...”

“ఖలీద్ గారూ, కొట్టెయ్యకండి. తెరిచే ఉంచండి. నా పెట్టె సర్దుకోవడం పొద్దున్నే అయిపోయింది. రేపణ్ణుంచి ఈయన ఆఫీసులో కూర్చుని ఖాళీ వంటిల్లు చూసుకుంటారు.”