మత్తు మింగిన నాలుగు గంటలు

ముప్ఫయ్యేళ్లు బడిగంట కొట్టినవాణ్ణి. గడియారం చూడకుండా, నిమిషం తేడా రాకుండా టైము చెప్పగలను. కడుపు ఆపరేషనైన మర్నాడు ఆసుపత్రిలో నర్సమ్మతోనూ అదే అన్నాను.

“అయితే చెప్పు తాతా, ఇప్పుడెంతయింది?”

“మధ్యాహ్నం రెండు.”

“సాయంత్రం ఆరు! పొద్దున్నా తప్పే చెప్పావు. టైము సరిగ్గా చెబితేగానీ డాక్టరుగారు ఇంటికి పంపరు.”

“మత్తిచ్చి నాలుగు గంటలు మీరే మింగేసి, మళ్లీ నన్నడుగుతారేం?”

“మత్తంటే మామూలు నిద్ర కాదు. పగలు మత్తిస్తే ఒంట్లో గడియారం వెనకబడొచ్చు. అది సర్దుకోవడానికి పొద్దున్నే వెలుగులో కూర్చోమంటే ముసుగు తన్నావు.”

“కళ్లు మండిపోతుంటే ఏం కూర్చోను తల్లీ!”

“మరి బడిలో గంటెలా కొట్టావు?”

“హెడ్మాస్టరుగారి గోడగడియారం చూసి.”

“రామ రామ! డాక్టరుగారు కోసిన కోత కంటే నీ కోతలే ఎక్కువ.”

మర్నాడు కిటికీ దగ్గర కూర్చుని టైము ఠక్కున చెప్పాను. ఇంటికి పంపేశారు.

ఆ పంపేయడమొక్కటే నా కల్పన. కిటికీ దగ్గరే ఉన్నాను. నా లెక్కకి ఇంకా తొమ్మిది కాలేదు. నర్సమ్మేమో మధ్యాహ్నం భోజనం పట్టుకొస్తోంది.