హాతిం చెవిలో రోలు మోత

మా ఊరు మన్సూరాలో బిడ్డ పుట్టిన ఏడో రోజున జల్లెడలో పడుకోబెట్టి ఊపుతూ, చెవి దగ్గర ఇత్తడి రోలు మోగిస్తాం. మా బాబు హాతింకి పుట్టగానే గుండె ఆపరేషన్ జరగడంతో ఆ వేడుక మూడో నెలకు వాయిదా పడింది. చుట్టాలు వచ్చేలోగా వంటింట్లో నేను, మా అత్తగారు.

"అత్తయ్యా, రోలు వద్దు. ఆ మోతకి వాడి గుండె ఆగిపోతే?"

"పొట్టలో పెట్టిన పేస్‌మేకర్ దాన్ని నడిపిస్తోందే. మోతకి ఏమీ కాదని డాక్టరమ్మ చెప్పిందిగా. ఆవిడ భయమల్లా నీ ఫోను వాడి పొట్ట దగ్గరికి వస్తుందనే."

"జల్లెడ ఊపినప్పుడు ఆ పేస్‌మేకర్ తీగ ఊడితే?"

"గాయం మానింది, ఊపొచ్చంది. నేనేమన్నా పిండి జల్లిస్తానా? రోలు కొడుతూ ఏమంటానో తెలుసుగా?"

"‘అమ్మ మాట విను’ అంటారు. అది మాత్రం అనకండి."

"ఏం?"

"నా కడుపులో ఉండగానే వాడి గుండెను నెమ్మది చేసినవి నా రక్తంలోని యాంటీబాడీలే కదా. నా మాట వాడెందుకు వినాలి?"

"పిచ్చిదానా! అవి ఉన్నాయని నీకేం తెలుసు? పరీక్ష చేసేదాకా డాక్టరమ్మకే తెలీదు. సరేగానీ, కడుపులో కదలిక తేడాగా ఉందని ఆరోజు స్కాన్‌కి పరుగెత్తిందెవరు?"

"నేనే."

"ఊరికే భయపడి చస్తావని ఆపబోయిందెవరు?"

"మీరు."

"నా మాట వినుంటే?"

ఆవిడ రోలు చంకన పెట్టుకుని లేచింది.

"పద. ‘నానమ్మ మాట వినకు’ అని కూడా అనాలి. అది ఇంకా గట్టిగా అంటాను."