రెండు సున్నాలు తీసెయ్

కూర్చో అమ్మా, నిలబడే తాగుతావేం, ఆ బల్లకి ఒక కాలు పొట్టి, ఇటు చివర కూర్చుంటే ఊగదు. పిల్లాడు పైనే ఉన్నాడా, వాళ్ళ నాన్న దగ్గర? సరే, రక్తం తీసుకుని రిపోర్టు ఇచ్చేసరికి గంట పడుతుంది, ఈలోపు ఒక టీ తాగు, ఆ సెల్లు కాసేపు కింద పెట్టు. ఏం జబ్బన్నావ్? ఒంట్లో కొవ్వు మండదు, అంతేగా? మనకైతే తిండి కాస్త ఆలస్యమైనా దాచుకున్న కొవ్వు మండి పని నడిపిస్తుంది, మీవాడికి కొవ్వు ఉంటుంది గానీ అంటుకోదు, ముద్ద ఆలస్యమైతే ఉన్నట్టుండి సోలిపోతాడు. చూశావా, నువ్వు సగం చెప్పేలోపే నేను మొత్తం చెప్పేశా. ఎందుకంటే ఎదురుగా ఆ బిల్డింగులో నాలుగో అంతస్తు, నీలం అద్దాలు, అదే ల్యాబు, అది నడిచేది ఈ చేతుల మీదే.

"సీసాలు కడుగుతాడమ్మా," అంది టీ కొట్టావిడ.

కడుగుతాను చెల్లెమ్మా, కాదన్నానా? ఒక్కో సీసా ఏడుసార్లు కడుగుతాను, సబ్బు ఒక్క పిసరు మిగిలినా లోపల పెంచే కణాలు చచ్చి ఊరుకుంటాయి. పైన డాక్టరమ్మ పదిహేనేళ్ళు చదివింది, ఒక్క సీసా కడగమను చూద్దాం. అమ్మా, కణాలంటే నీకు తెలుసుగా, సెల్లులంటారు వాళ్ళు, నీ చేతిలో ఉన్న సెల్లు కాదు, ఒంట్లోవి. మీవాడి చేతి మీద చిన్న ముక్క తీశారు కదా, అందులోవి.

ఇదంతా మొదలైంది ఒక రబ్బరు దగ్గర. ఆ కణాలను పెంచే పెట్టె ఒకటుంది, ఇంక్యుబేటరంటారు, లోపల ఎప్పుడూ మన ఒంటి వేడే ఉండాలి. మూడు వారాలుగా అందులో ఏది పెట్టినా చచ్చిపోతోంది, డాక్టరమ్మ తల పట్టుకుని కూర్చుంది. నేను వెళ్ళి తలుపు చుట్టూ అరచెయ్యి ఆనించి చూశాను, కింద మూలన చల్లగా తగిలింది, రబ్బరు వదులైపోయింది. కాగితం నాలుగు మడతలు పెట్టి కుక్కాను. మర్నాటి నుంచి కణాలు బతికాయి.

"ఇంతవరకూ నిజమే," అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్.

ఇంతవరకూ ఏంటి బావా, అంతా నిజమే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డాక్టరమ్మ నన్ను పిలిచి, స్టూలేసి కూర్చోబెట్టి, ఈ పిల్లలకి మందుగా ఇవ్వాల్సిన నూనె సంగతి ఎటూ తేలట్లేదు, నీ అభిప్రాయం చెప్పమంది. కొవ్వు అంటే ఏంటమ్మా, పెట్టెలు తగిలించిన రైలు, పద్దెనిమిది పెట్టెలు ఉంటాయి, ఈ పిల్లల ఒంట్లో అంత పొడుగు రైలు లోపలికి పట్టదు. ఎక్కడెక్కడి నుంచో నలభై మంది పెద్ద డాక్టర్లు వచ్చి బల్ల చుట్టూ కూర్చుని గడ్డాలు గోక్కుంటున్నారు. నేను సీసా తుడుస్తూ తుడుస్తూ, పట్టకపోతే పెట్టెలు విప్పేయండి, ఏడు చాలు, అన్నాను. నలభై మందీ లేచి నిలబడ్డారు.

"ఒక సున్నా," అన్నాడు వ్యాను డ్రైవరు.

వీడి మాట పట్టించుకోకమ్మా. నేనేం చెప్పినా ఇలా సున్నాలు లెక్కపెడుతుంటారు, వీళ్ళకదో ఆట. సరే, నూనె తయారైంది, చెంచా లెక్కన అన్నంతో పాటు పడుతుంది, బాగానే ఉంది, కానీ అసలు తప్పు కణం లోపల అలాగే ఉందిగా. లోపల రాసి ఉంటుందమ్మా, మూడు వందల కోట్ల అక్షరాలు, అందులో ఎక్కడో ఒక్క అక్షరం తప్పు పడితే మీవాడికి వచ్చిన జబ్బు వస్తుంది. కంప్యూటర్లు వెతికాయి, ఆర్నెల్లు వెతికాయి. మా నాన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు, ఆ రక్తం ఎక్కడికి పోతుంది, అచ్చుతప్పు ఎక్కడున్నా నా ఎడమ కన్ను అదురుతుంది. మైక్రోస్కోపులోకి వంగి మొదటి అక్షరం నుంచి చదువుకుంటూ పోయాను, రెండో టీ చల్లారకముందే దొరికింది, ఇదిగో ఇక్కడ, అని వేలు పెట్టి చూపించాను. డాక్టరమ్మ ఆ అక్షరాలు కోసే కత్తెర నా చేతికే ఇచ్చేసింది. అది ఇనుప కత్తెర కాదు, కంటికి కనపడదు. ఊపిరి బిగబట్టి ఒకే ఒక్క కోత కోశాను.

"అక్కడ ఒకటేనా అన్నయ్యా? ఇక్కడ రోజూ వంద కోస్తావ్," అంది టీ కొట్టావిడ.

నవ్వండి, నవ్వండి. తప్పు అక్షరం తీసి మంచి అక్షరం అతికించానో లేదో, ఆ కణాలకి ఊపొచ్చింది చూడమ్మా, కొవ్వు వేస్తే వేసినట్టు మండించేయడం మొదలుపెట్టాయి, సీసా మూతలు టపటపా కొట్టుకుంటున్నాయి, ఇంక్యుబేటరు ప్లగ్గు పీకేసినా వేడి తగ్గదు, వారం రోజులు నా అన్నం డబ్బా దాని మీదే వెచ్చబెట్టుకున్నాను. మా బావ ఆ తలుపుకి ఆనుకుని ఒక్క గంట కునుకు తీశాడు, పన్నెండు కిలోలు తగ్గిపోయాడు, బెల్టుకి కొత్తగా మూడు చిల్లులు పొడవాల్సొచ్చింది. కావాలంటే అడుగు.

"నాకప్పుడు కామెర్లొచ్చాయి బావా," అన్నాడు వాచ్‌మన్.

డాక్టర్లు అలాగే రాస్తారు, పేషెంటు భయపడకూడదని. ఒరేయ్ అబ్బాయ్, ఎందుకురా కిందా మీదా పడి నవ్వుతావ్?

"అన్ని కణాలూ మండించినా నీ కొవ్వు మాత్రం కరగలేదు బాబాయ్," అన్నాడు డ్రైవరు.

నోరు మూసుకుని టీ తాగు. అమ్మా, నువ్విటు విను, అసలుది ఇప్పుడొస్తుంది. మీవాడిలాంటి పిల్లే ఒకర్తి ఉండేది, తొమ్మిదేళ్ళు, నీళ్ళ గ్లాసు ఎత్తినా ఆయాసపడేది, వాళ్ళ నాన్న భుజమ్మీద వేసుకుని పైకి తీసుకొచ్చేవాడు. ఆ నూనె ఒక్క చెంచా, ఒక్కటే, నేనే నోట్లో వేశాను. పిల్ల మూతి తుడుచుకుంది, లేచి నిలబడింది, నాలుగు వందల మెట్లు గబగబా ఎక్కేసింది, వాళ్ళ నాన్న సగంలో కూలబడితే ఆ పిల్లే ఆయన్ని మోసుకుంటూ డాబా మీదికి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండు రోజులు అన్నం ముట్టలేదు, నీరసమన్నదే లేదు, రాత్రి పడుకుంటే తెల్లారేదాకా ఒకటే నిద్ర, లేపే పనే లేదు. అదమ్మా సంగతి. ఏంటి, నవ్వుతావనుకుంటే సెల్లులో ఏదో నొక్కుతున్నావ్?

"అలారాలు తీసేస్తున్నా బాబాయ్," అంది ఆ పిల్లాడి తల్లి. "నాలుగు గంటలకోటి పెట్టుకున్నా. రాత్రి తినిపిద్దామని లేపితే, వద్దమ్మా నిద్రొస్తోంది అని ఏడుస్తాడు, రెండేళ్ళుగా ఇదే. రేపట్నుంచి వాడికీ ఆ నూనే మొదలుపెడతారట. ఇక లేపక్కర్లేదన్నమాట."

ఒరేయ్, సున్నా అనరేంరా ఎవరూ? ఇందాకట్నుంచి వాగారుగా, అనాల్సింది ఇప్పుడు కదా.

ఆగమ్మా. ఆ వేలు తియ్యి. ఎన్ని తీసేశావ్? రెండా? మళ్ళీ పెట్టు, నా ముందే పెట్టు, రాత్రి పదికీ రెండుకీ. పెట్టావా? ఏదీ, చూపించు. హమ్మయ్య.

తల్లీ, నేను సీసాలు కడిగేవాణ్ణి. నన్నెవరూ స్టూలేసి కూర్చోబెట్టలేదు, నేను ఏ కత్తెరా పట్టలేదు, నేను మైక్రోస్కోపులోకి వంగితే నా కనురెప్పే కనిపించింది. ఈ కొట్టు దగ్గర నేనేదైనా చెబితే అందులో సున్నాలు తీసేసి వినాలి, ఇక్కడందరికీ తెలుసు, నీకు తెలీదని నాకు తట్టలేదు. మెట్లదిగి వచ్చినప్పుడు నీ మొహం చూశాను. అలాంటి మొహాలు నేను చూడలేనమ్మా, కాసేపు నవ్వించి పంపిద్దామనుకుంటాను, అంతకుమించి నా చేత ఏమవుతుంది. కానీ నువ్వు నమ్మేశావ్.

ఆ పిల్ల మాత్రం నిజమే. నాలుగు వందల మెట్లన్నాను కదా, రెండు సున్నాలు తీసెయ్. నాలుగే. అది కూడా ఒక్క చెంచాతో కాదు, ఆరు నెలలు రోజూ అన్నంతో పాటు నూనె తాగాక, రెండో మెట్టు దగ్గర ఆగి, రెయిలింగు పట్టుకుని, మళ్ళీ ఎక్కింది. వాళ్ళ నాన్న కింద నిలబడి ఏడ్చాడు, నేను చూశాను. ఆ పిల్లకీ అలారాలున్నాయి, ఇప్పటికీ మోగుతాయి, వాళ్ళమ్మ ఇప్పటికీ లేపుతుంది. నూనె సాయం చేస్తుంది గానీ ముద్దకి బదులు రాదు. ఆ అక్షరం దిద్దే పని ఇంకా సీసాల్లోనే ఉంది, ఏ పిల్లాడి ఒంట్లోకీ వెళ్ళలేదు, ఎప్పుడెళ్తుందో డాక్టరమ్మకే తెలీదు. నా మాట మీద కూడా ఉండకు, పైకెళ్ళి ఆవిడనే అడుగు, ఎన్నిసార్లడిగినా విసుక్కోదు.

ఇంకొక్కటి చెప్తాను. పైన ఒక పెద్ద డ్రమ్ముంది, పిల్లల కణాలన్నీ అందులోనే గడ్డకట్టించి దాస్తారు. చుట్టూ మంచుకన్నా ఎన్నో రెట్లు చల్లటి ద్రవం, నైట్రోజన్, ఉండాలి, అది రోజూ కొంచెం ఆవిరైపోతుంది, పొయ్యకపోతే లోపలున్నవన్నీ పోతాయి. వారానికి రెండుసార్లు కర్ర ముంచి తీస్తాను, కర్ర మీద మంచు ఎంతవరకూ పడితే అంతవరకూ ఉన్నట్టు, తగ్గినంతా పోస్తాను. పదకొండేళ్ళు. ఒక్కసారి కూడా తప్పలేదు, మా అమ్మాయి పెళ్ళిరోజు కూడా పొద్దున్నే వచ్చి పోసి, అప్పుడెళ్ళాను. మూతల మీద నంబర్లే ఉంటాయి, మీవాడిది ఏదో నాకు తెలీదు. అందుకని అన్నీ మీవాడివే అనుకుని పోస్తాను.

అనరా అబ్బాయ్, ఎన్ని సున్నాలు తియ్యమంటావ్? బావా, నువ్వు? చెల్లెమ్మా?

విన్నావా అమ్మా, ఒక్కరూ సున్నా తియ్యమనట్లేదు. అదిగో, నీ సెల్లు మోగుతోంది. పొద్దున పది అయింది, టీ వదిలెయ్, వెళ్ళి వాడికి తినిపించు.